రస్కు వేడి

మూడో అంతస్తు, కుట్టుమిషన్ ముందు నుంచి
ఎండలు ముదిరిన మొదటి వారం

ఎండాకాలంలో స్వెట్టర్ వేసుకుని ఉద్యోగం చేసే మా మరదలు పిల్లకి,

వదిన ఆశీస్సులు. వాటితోపాటు కాస్త అసూయ కూడా పంపిస్తున్నాను. నువ్వు కోల్డ్ స్టోరేజీలో మంకీ టోపీ పెట్టుకుని బంగాళాదుంప బస్తాలు లెక్కపెడుతుంటే, ఇక్కడ మేము ఉడికిన బంగాళాదుంపల్లా ఉన్నాం. తొక్క తీయడమే తరువాయి.

ఫోనులో చెప్పొచ్చుగా, ఉత్తరం ఎందుకంటావేమో. ఫోను మోగితే చాలు, మీ నాన్నగారు కుర్చీ లాక్కుని వచ్చి "స్పీకర్ పెట్టమ్మా" అంటారు. ఆయన సంగతులు ఆయన ముందే ఎలా చెప్పను? అందుకే ఈ కాగితం. కొలతలు రాసుకునే పుస్తకంలోంచి చింపాను. వెనకవైపు ఎవరిదో నడుము చుట్టుకొలత ఉంటుంది, చూసి నవ్వకు.

ఇంటి సంగతులు ఇవీ. పొద్దున ఎనిమిదికల్లా కిటికీలన్నీ మూసేసి తడి దుప్పట్లు కడుతున్నాను. గంటలో అవి అప్పడాల్లా ఎండిపోతున్నాయి. మీ అన్నయ్య పోయిన సెలవు రోజున డాబాకి సున్నం వేశాడు. డాబాకి ఎంత పట్టిందో తెలీదు కానీ మనిషికి మాత్రం రెండు పూతలు పడ్డాయి. రోజంతా బస్సు ఇంజిన్ పక్కన కూర్చుని నడిపి, ఇంటికొచ్చి టబ్బులో కాళ్లు పెట్టుకుంటే గాని మాట్లాడడు. స్కూలు తెరిచేలోగా రెండు వందల యూనిఫారాలు కుట్టివ్వాలి కదా, ఇస్త్రీ అంతా తెల్లారకముందే కానిచ్చేస్తున్నాను. ఎండెక్కాక ఇస్త్రీపెట్టె ముట్టుకుంటే పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టే.

ఇక నువ్వు ప్రతిసారీ అడిగే ప్రశ్న. లేదు, మామయ్య ఏసీలో పడుకోవడం లేదు. ఇంట్లో ఉన్నది ఒక్క ఏసీ, అదీ మా పడగ్గదిలో. కొడుకూ కోడలూ పడుకునే గది గడప ఆయన ఈ పదకొండేళ్లలో ఒక్కసారి దాటలేదు. బల్బు మార్చాలన్నా గుమ్మం బయట నిలబడి మీ అన్నయ్యకి సలహాలిస్తారు. అదొక కారణం. రెండోది నీకు తెలిసిందే, "నాకు వేడేమిటి?" అనడం. నలభై ఏళ్లు బేకరీ పొయ్యి ముందు నిలబడ్డ మనిషికి ఈ ఎండ ఒక లెక్కా అని. మిట్టమధ్యాహ్నం బాల్కనీలోకి వెళ్లి ఇనుప రెయిలింగు మీద అరచెయ్యి ఆనించి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారు. ముప్పై దాకా పోయి, చెయ్యి తీసి, "రస్కు వేడమ్మా, అంతే" అని తీర్పు చెప్పి లోపలికొస్తారు.

పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నువ్వైనా ఒక మాట చెప్పు.

నీ వదిన

*

కోల్డ్ స్టోరేజీ, గేటు పక్క గది

వదినా,

నీ ఉత్తరం చదివి మంకీ టోపీ తీసి మరీ నవ్వాను. నడుము కొలత చూశాను, ఎవరో గానీ బాగా బతుకుతున్నారు.

నా సంగతి ఏముంది? లోపల గడ్డ కట్టే చలి, బయట నిప్పులు. రోజుకి ఇరవైసార్లు లోపలికీ బయటికీ తిరిగేసరికి నా ముక్కు ఏ ఋతువులో ఉందో దానికే తెలియడం లేదు. మా సూపర్‌వైజరు నన్ను "పెంగ్విన్" అంటాడు. అననీ.

రస్కు వేడి మాట వింటే చిన్నతనం గుర్తొచ్చింది. నాన్న పొయ్యి నోట్లో చెయ్యి పెట్టి లెక్కపెట్టేవాడు. ఎనిమిదికే చెయ్యి లాగేస్తే బ్రెడ్డు వేడి, పదిహేను దాకా ఆగితే బిస్కెట్ వేడి, ముప్పై దాకా ఉంచగలిగితే రస్కు వేడి. బేకరీ యజమాని ఒకసారి థర్మామీటరు తెచ్చి పెట్టాడు. నాన్న చేతికీ దానికీ తేడా వస్తే, ఆయన థర్మామీటరునే కొట్లో తిరిగిచ్చేశాడు! అలాంటి చెయ్యి అది. నాన్న రస్కు వేడి అన్నాడంటే రస్కు వేడే. అంచేత మరీ కంగారు పడకు. కానీ నీళ్లు తాగుతున్నాడో లేదో చూడు. డెబ్బై నాలుగు వచ్చాయి, ఆ మాట ఆయన కంటే మనం ఎక్కువ గుర్తుపెట్టుకోవాలి.

నా ఫ్లాట్లో రెండో గది ఖాళీగానే ఉంది. ఊరికే చెప్తున్నాను.

నీ మరదలు

*

మూడో అంతస్తు

మరదలా,

అంతా బాగుంది. ఎండలు మామూలే. మామయ్య బాగున్నారు, చాలా బాగున్నారు, అన్నం కూడా బాగా తింటున్నారు. మీ అన్నయ్య బాగున్నాడు. యూనిఫారాలు నూట పది అయ్యాయి. నువ్వేమీ ఆలోచించకు, పని చూసుకో.

రెండో అంతస్తు ఆవిడ తువ్వాళ్లు నాలుగు ఉతికి ఇచ్చిరావాలి, అందుకే ఇంతటితో ఆపుతున్నాను.

వదిన

*

కోల్డ్ స్టోరేజీ

వదినా,

వరసగా రెండు "బాగున్నారు"లు, ఆపైన ఒక "బాగా తింటున్నారు" రాసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఒక మనిషి గురించి అన్నిసార్లు బాగున్నారని ఎవరు రాస్తారు?

నిన్న అన్నయ్య ఫోన్ చేశాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు. "నాన్న ఎలా ఉన్నాడు?" అంటే, "ఇప్పుడు పర్లేదు, మళ్లీ మెట్ల మీద పడలేదు" అన్నాడు. మళ్లీ! అంటే ముందోసారి పడ్డాడన్నమాట. నేను అరిస్తే వాడు నీళ్లు నమిలి నమిలి అంతా చెప్పాడు. పది రోజులైందట. డాక్టరు వచ్చాడట. నాన్న ఏదేదో మాట్లాడాడట. నేను మాత్రం ఇక్కడ తీరిగ్గా బస్తాలు లెక్కపెట్టుకుంటున్నాను.

నాకు చాలా కోపంగా ఉంది వదినా. అన్నయ్య మీద కాదు, వాడు ఎప్పుడూ అంతే. నీ మీద. ఈ పదకొండేళ్లలో నువ్వు నా దగ్గర దాచింది ఒక్కటీ లేదనుకున్నాను.

వచ్చే నెల మొదటి ఆదివారం వస్తున్నాను. తిరుగు ప్రయాణానికి రెండు టికెట్లు తీశాను, ఒకటి నాకు, ఒకటి నాన్నకి. ఇక్కడ ఇంట్లో ఏసీ ఉంది, ఖాళీ గది ఉంది, కోడలి గది అన్న మొహమాటం లేదు. నువ్వు ఏం చెప్పినా వినను.

*

మూడో అంతస్తు, మధ్యాహ్నం, మిషన్ ఆపేసి

కోపంగా ఉన్న మరదలికి,

తప్పు నాదే. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను, తర్వాత మిగతాది చదువు.

ఆరోజు ఆయన రెయిలింగు మీద చెయ్యి పెట్టి ముప్పై దాకా లెక్కపెట్టారు. "రస్కు వేడే, అలా కిందికెళ్లి పేపరు తెచ్చుకుంటా" అన్నారు. నేను సరే అన్నాను. నీలాగే నేనూ ఆ చేతినే నమ్మాను! నా ఒళ్లంతా చెమటతో తడిసి, కుట్టే గుడ్డ మీద మరకలు పడుతున్నా, ఆయన రస్కు అన్నారు కాబట్టి రస్కే అనుకున్నాను. అరగంటైనా రాకపోతే కిందికి దిగాను. రెండో అంతస్తు మలుపులో గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. నన్ను చూసి, "ట్రేలు తీశారా? మాడిపోతాయి, తియ్యండి" అన్నారు. సాయం రమ్మని అరిచాను. రెండో అంతస్తు ఆవిడ తలుపు తీసి, చల్లటి టైల్స్ మీద పడుకోబెట్టి, తన తువ్వాళ్లు తడిపి మెడకీ చంకలకీ చుట్టింది. నేను ఫ్యాను కింద బకెట్లతో నీళ్లు పోశాను. వీధి చివరి డాక్టరు వచ్చేసరికి ట్రేల మాట మానేసి, "ఇదేమిటి, నన్ను ఇలా తడిపారు?" అని మా మీదే ఒంటికాలి మీద లేచారు. ఆ కేక విన్నాకే నాకు ఊపిరి తిరిగొచ్చింది.

డాక్టరు ఒకటే చెప్పాడు. "ఈ వయసులో వేడి ఒంటికి తగులుతుంది కానీ మనిషికి తెలియదు. దాహమూ తెలియదు. పదకొండు నుంచి ఐదు దాకా చల్లటి గదిలో ఉంచండి."

నీకు చెప్పొద్దని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నారు. కానీ ఒట్టు వంక మాత్రమే. చెబితే నువ్వు ఏం చేస్తావో నాకు తెలుసు, ఇప్పుడు చేసిందే చేస్తావు. అది నేను తట్టుకోలేను. నా పెళ్లినాటికి మా నాన్న లేడు, నీకు తెలుసు. నేను మొదటి చొక్కా కుట్టినప్పుడు చేతులు రెండూ రెండు పొడవులు వచ్చాయి. దాన్ని ఆయన వేసుకుని బేకరీకి వెళ్లారు, సాయంత్రం దాకా విప్పలేదు. అలాంటి మనిషిని నేను పంపించలేను. నీకు నాన్న అయితే అయ్యారు, నాకూ కావాలి. ఇంతకంటే సూటిగా చెప్పడం నాకు చేతకాదు.

నిన్న మా మంచం హాల్లోకి లాగేశాం. బీరువా కూడా. పడగ్గదిలో ఇప్పుడు ఒక నవారు మంచం, ఒక బల్ల తప్ప ఏమీ లేవు. అది ఇక ఎవరి గదీ కాదు. మీ అన్నయ్య హాల్లో పడుకుని రాత్రంతా "ఏసీ కొన్నది నేను, చెమటా నాదే" అని సణిగాడు. మామయ్య మాత్రం గుమ్మందాకా వచ్చి, చూసి, "గది బాగుంది" అని మెచ్చుకుని, తన గదిలోకే వెళ్లి పడుకున్నారు. మొండివాడు రాజుకంటే బలవంతుడు.

నాకు ఇంకో ఉపాయం తట్టింది. టికెట్ ఉంచుకో, కాదనను. ఆదివారందాకా గడువు ఇవ్వు.

వదిన

*

కోల్డ్ స్టోరేజీ

వదినా,

కోపం తగ్గింది. టికెట్ మాత్రం అలాగే ఉంది.

రెండు పొడవుల చొక్కా సంగతి నాకు తెలియదు. నాన్న నాకు చెప్పలేదు.

ఒక్క మాట నేనూ చెప్తాను. రెండో గది ఖాళీగా ఉందని ఊరికే రాయలేదు. పోయిన నెలే దానికి కర్టెన్లు కుట్టించాను. సాయంత్రం తలుపు తీస్తే ఎవరైనా "వచ్చావా" అంటే బాగుంటుందని. ఇది నాన్న ఆరోగ్యం కోసం తీసుకున్న నిర్ణయమేనా అని నన్ను నేను అడిగితే, సగమే అవును.

ఆదివారం వస్తాను. నీ ఉపాయం ఏమిటో గానీ, నాన్న ముందు పారడం కష్టం.

నీ మరదలు

*

మూడో అంతస్తు
నువ్వు రావడానికి వారం ముందు

మరదలా,

నా ఉపాయం పారలేదు. కానీ ఇంకోటి జరిగింది. నిదానంగా రాస్తాను, నిదానంగా చదువు.

నా ఆలోచన ఏమిటంటే, "మామయ్యా, నాకు బ్రెడ్డు చేయడం నేర్పండి" అని అడగడం, ఎక్కువ వేడికి పిండి తొందరగా పొంగిపోయి పులుస్తుంది కదా అని గిన్నెను ఏసీ గదిలో పెట్టించడం, దాని వెంట ఆయన్ని కూర్చోబెట్టడం. అడగ్గానే ముఖం వెలిగిపోయింది. పిండి కలిపారు, అబ్బో, ఆ చేతులు చూడాలి, డెబ్బై నాలుగేళ్లవి అంటే ఎవరూ నమ్మరు. కానీ గిన్నెను గదిలో పెడదామంటే నవ్వారు. గోడ మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టి, "ఎందుకమ్మా, ఈ వంటగది చాలు. ఈ వేడికి పొంగడానికి నాలుగు గంటలు పడుతుంది" అన్నారు. నా ఎత్తు అక్కడే చిత్తయింది.

గంటన్నరకి పిండి గిన్నె దాటి గట్టు మీదికి దిగింది. రెండు గంటలకి మధ్యలో కుంగిపోయి, పుల్లటి వాసన. ఆయన వంగి చూసి, "ఈస్టు ఎక్కువ వేశావు" అన్నారు. వేసింది ఆయనే. నేను గట్టు తుడిచాను.

మర్నాడు ఈస్టు ఆయనే తూచి వేశారు. చల్లనీళ్లతో కలిపారు. మళ్లీ గోడ మీద చెయ్యి, మళ్లీ లెక్క, మళ్లీ నాలుగు గంటలు. మళ్లీ గంటన్నరకే గట్టు మీదికి. ఈసారి తప్పు ఈస్టు మీదికి నెట్టలేదు. పొంగిన పిండిని వేలితో నొక్కి చూశారు.

తర్వాత "ఇలా రా అమ్మాయ్" అని బాల్కనీలోకి పిలిచారు. "రెయిలింగు మీద చెయ్యి పెట్టు, లెక్కపెట్టు" అన్నారు. ఇన్నేళ్లలో ఆయన లెక్కపెట్టడం చూడటమే గానీ నేనెప్పుడూ పెట్టలేదు. ఆరుకి "అబ్బా" అని లాగేశాను. నా పక్కనే ఆయనా పెట్టారు. ఏడు, ఎనిమిది, పదిహేను, ఇరవై. "చాలు మామయ్యా" అన్నాను. ఇరవై ఆరు దగ్గర నేనే ఆయన మణికట్టు పట్టుకుని తీసేశాను. అరచెయ్యి ఎర్రగా కమిలిపోయి ఉంది. ఆయన ఆ చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నారు.

"ఆరా?" అన్నారు.

"ఆరే మామయ్యా."

"అయితే ఇది బ్రెడ్డు వేడి కంటే ఎక్కువ."

నాకు ఏడుపొచ్చింది, వెన్న రాస్తానని చెప్పి వంటింట్లోకి పారిపోయాను. వెన్న రాయడమేమిటి, కాలిన చేతికి చల్లనీళ్లు పోయాలని తర్వాత ఆయనే చెప్పారు. నా కంగారు అలా ఉంది.

మూడో రోజు పిండి కలిపి, నేను అడక్కుండానే గిన్నె పట్టుకుని ఏసీ గది గడప దాటారు. బల్ల మీద పెట్టి, పక్కన నవారు మంచం మీద కూర్చున్నారు. "పిండికి కాపలా ఉండాలి" అన్నారు. ఉండాలి, ఉండాలి అన్నాను. సరిగ్గా ఆయన చెప్పిన నాలుగు గంటలకే పొంగింది. సాయంత్రం బ్రెడ్డు కాల్చి, ఒక ముక్క రెండో అంతస్తు ఆవిడకి తనే తీసుకెళ్లి ఇచ్చొచ్చారు. మీ అన్నయ్య సగం బ్రెడ్డు తిని "ఏసీ కొన్నందుకు ఫలితం దక్కింది" అన్నాడు. అలా నాలుగు రోజులు పిండికి కాపలా సాగింది. ఇంట్లో బ్రెడ్డు తినలేక చస్తున్నాం.

నిన్న పిండి లేదు, మైదా అయిపోయింది. పదకొండయింది, పన్నెండయింది. ఆయన తన గదిలోనే ఉన్నారు. వెళ్లి చెబుదామా, చెబితే మళ్లీ మొండికేస్తారేమో అని నేను మిషన్ మీద ఒకే గీత రెండుసార్లు కుట్టాను. ఇంతలో వచ్చి నా వెనక నిలబడ్డారు. "అమ్మాయ్, ఇవాళ కాస్త ఉక్కగా ఉంది" అన్నారు.

"రండి మామయ్యా" అన్నాను. లేచి వెళ్లి ఏసీ వేశాను. అంతే జరిగింది. చిన్న సంగతే, కానీ నేను ఇవాళంతా కూనిరాగాలు తీస్తూ కుడుతున్నాను.

ఆదివారం రా. టికెట్ సంగతి నువ్వూ ఆయనా మాట్లాడుకోండి. నేను మధ్యలో రాను, ఆ సమయానికి యూనిఫారాలు ఇవ్వడానికి వెళ్లిపోతాను. ఆయన వెళ్తానంటే వెళ్లనీ, నేను గుమ్మానికి అడ్డం నిలబడను.

నీ వదిన

*

నా ఫ్లాటు, రెండో గదిలో కూర్చుని

వదినా,

క్షేమంగా చేరాను. ఒంటరిగా.

ఆరోజు నువ్వు యూనిఫారాలు ఇచ్చి వచ్చేసరికి ఏసీ కట్టేసి ఉంది. "ఎవరు కట్టారు? నేను గంటసేపు బయటికెళ్తే చాలు, తండ్రీ కూతుళ్లకి బుర్ర పనిచేయదా?" అని ఇద్దర్నీ కడిగేశావు. మేమిద్దరం బెల్లం కొట్టిన రాళ్లలా కూర్చున్నాం. నాన్న టికెట్ ఎందుకు రద్దు చేశానని కూడా నువ్వు అడగలేదు, సంతోషంతో అడగడం మర్చిపోయావు. ఇప్పుడు రెండూ చెప్తాను.

నువ్వు అలా వెళ్లగానే నాన్న అడిగాడు, "నన్ను తీసుకెళ్లడానికి వచ్చావా?" అని. అవునన్నాను. నా ఇల్లు, గది, కర్టెన్లు, ఏసీ అన్నీ చెప్పాను. అంతా విని ఇలా అన్నాడు. నేను ఒక్క మాట కూడా మార్చకుండా రాస్తున్నాను.

"వేడిగా ఉందన్నవాణ్ణి పొయ్యి దగ్గర ఉంచరమ్మా. అందుకని నలభై ఏళ్లు బేకరీలో ఆ మాట అనలేదు. ఇంటికొచ్చి అంటే మీ అమ్మ బెంగపడుతుందని అక్కడా అనలేదు. మీరు చిన్నపిల్లలు, మీ దగ్గర అసలే అనలేదు. నాకు వేడి తెలియదని అందరూ అనుకున్నారు, చివరికి నేనూ అనుకున్నాను. మొన్న మీ వదిన దగ్గరికెళ్లి ఉక్కగా ఉందన్నాను. ఆ పిల్ల నవ్వలేదు, కంగారు పడలేదు, ఎందుకు ఇన్నాళ్లూ చెప్పలేదని అడగలేదు. 'రండి మామయ్యా' అంది. నీ దగ్గర నేను నాన్ననమ్మా. నీ ఇంటికొస్తే మళ్లీ ఓర్చుకోవడం మొదలుపెడతాను, నాకు తెలుసు. ఆ పిల్ల దగ్గర ముసలాణ్ణయినా నాకు సిగ్గుగా లేదు."

నాకు కోపం రాలేదు, బాధ కూడా అంత లేదు. నిజం చెప్పాలంటే, ఆయన ఇంత పెద్ద మాట నాకు చెప్పినందుకు గొప్పగా అనిపించింది. అక్కడే ఫోను తీసి టికెట్ రద్దు చేశాను. ఇక నా గది అంటావా, చలికాలం రాగానే రెండు నెలలు వస్తానన్నాడు. నువ్వూ రావాలట, లేకపోతే రాడట.

టికెట్ పని అయిపోయాక నాకేమైందో తెలియదు. నేనూ ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని మాట బయటికొచ్చేసింది. స్వెట్టరు, పెంగ్విను అని అందర్నీ నవ్విస్తాను కదా. "నాన్నా, నాకు అక్కడ చలేస్తుంది" అన్నాను. "ఇంటికొచ్చాక కూడా చలేస్తుంది."

ఆయన లేచి వెళ్లి ఏసీ కట్టేశాడు.

నీ మరదలు